నీళ్ళు అద్దంలా ఉన్నాయి, రొయ్యలు మాత్రం బతకలేదు

నా వెనక కనిపిస్తోందే, అదే కొత్త ట్యాంకు. 100 లీటర్ల ఉప్పునీళ్ళ అక్వేరియం. సెటప్ వీడియో చెయ్యమని చాలామంది అడిగారు. చేస్తాను, కానీ ముందు ఇందులో ఏం చచ్చిపోయాయో చెప్పాలి. 2 క్లీనర్ రొయ్యలు, 5 నత్తల్లో 4. తప్పు షాపు వాళ్ళది కాదు, నాదే.

తొందరపడ్డావా అంటే అదీ లేదు. 5 వారాలు ఆగాను. కొత్త ట్యాంకులో మేత కుళ్ళి అమ్మోనియా వస్తుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. అవి రాళ్ళ మీద, ఇసుకలో సరిపడా పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. సముద్రపు నీళ్ళ పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి అక్కడ అమ్మోనియా ఇంకా ఎక్కువ విషం. ఇవన్నీ చదివే దిగాను. చివరి టెస్టులో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. రెండు క్లౌన్ చేపలు అప్పటికే వారం నుంచి హాయిగా తిరుగుతున్నాయి. గాజు మీద గోధుమ రంగు పొర పట్టింది, కొత్త ట్యాంకుల్లో అది మామూలే. దాన్ని తింటాయని నత్తలు, వాటితో పాటు రొయ్యలు తెచ్చాను.

సంచిని అరగంట నీళ్ళలో తేలేసి, వేడి సమానం అయ్యాక వదిలేశాను. పొద్దున లేచి చూస్తే రాయి పక్కన తెల్లగా ఒక రొయ్య ఆకారం. పెంకు విడిచిందేమో, మోల్టింగ్ అయిందేమో అనుకుని సంబరపడి ఫోటో కూడా తీశాను. విడిచిన పెంకు అయితే లోపల ఖాళీగా ఉంటుంది. ఇది ఖాళీగా లేదు. రెండోది సాయంత్రానికి పోయింది. నత్తలు ఇసుకలో తిరగబడి పడున్నాయి.

మా మావయ్యకి భీమవరం దగ్గర వనామీ చెరువులున్నాయి. ఫోన్ చేశాను.

"సెలినిటీ ఎంతుందిరా?"

"35 మావయ్యా."

"ఎప్పుడు చూశావ్?"

"ట్యాంకు పెట్టిన రోజు."

"అంటే 5 వారాల కిందట. ఎండాకాలం కదరా, నీళ్ళు తగ్గట్లేదా?"

"తగ్గితే పోస్తున్నా మావయ్యా. కరెక్టుగా 35కి ఉప్పు కలిపే పోస్తున్నా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆవిరయ్యేది నీళ్ళురా. ఉప్పెక్కడికి పోద్ది?" అన్నాడు.

అప్పుడు లెక్కేశాను. రోజుకు దాదాపు అర లీటరు, 5 వారాల్లో 17 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల చొప్పున 600 గ్రాముల ఉప్పు అదనంగా పోశానన్నమాట. రిఫ్రాక్టోమీటర్ పెట్టి చూస్తే 41. షాపులో అడిగితే వాళ్ళ నీళ్ళు 28 అన్నారు. అంటే 28లో ఉన్న జీవిని ఒక్క నిమిషంలో 41లో పడేశాను. నేను కోడ్ రాసే రోజుల్లో ఒకసారి పాసైన టెస్టుని మళ్ళీ రన్ చెయ్యకుండా కోడ్ మారుస్తూ పోయేవాళ్ళని తిట్టుకునేవాణ్ణి. సరిగ్గా అదే చేశాను.

మరి చేపలకేం కాలేదేంటి? సముద్రపు చేప ఉప్పునీళ్ళు తాగి, ఎక్కువైన ఉప్పుని మొప్పల గుండా బయటికి నెట్టేస్తుంది. పైగా ఆ ఉప్పు వాటికి నెమ్మదిగా పెరిగింది. నత్తలు, స్టార్ ఫిష్‌లాంటి వెన్నెముక లేని జీవులకి చాలావరకు ఆ ఏర్పాటు లేదు. బయట నీళ్ళు ఎంత ఉప్పో ఒంట్లో నీళ్ళూ దాదాపు అంతే. బయట ఒక్కసారిగా ఉప్పు పెరిగితే కణాల్లోంచి నీరు బయటికి లాగేస్తుంది. వనామీ మొండిది, బాగా తక్కువ ఉప్పులో కూడా పెరుగుతుంది. అయినా మావయ్యావాళ్ళు సీడు వదిలేటప్పుడు చెరువు నీళ్ళు కొంచెం కొంచెంగా కలుపుతూ అలవాటు చేస్తారు. ఆ పని చిన్నప్పుడు గట్టు మీద నిలబడి నేనే చూశాను.

మిగిలిన ఒక్క నత్త కోసం ఉప్పు దించడం కూడా మెల్లగానే చేశాను. రోజుకు రెండున్నర లీటర్ల ట్యాంకు నీళ్ళు తీసి, అంతే ఆర్వో నీళ్ళు పోస్తే 1 పీపీటీ తగ్గుతుంది. 6 రోజులు పట్టింది. ఇప్పుడు గాజు మీద మార్కర్‌తో గీత గీశాను. నీళ్ళు గీత దిగితే ఉత్త ఆర్వో నీళ్ళే పోస్తాను. ఉప్పునీళ్ళు కలిపేది నీళ్ళు మార్చే రోజు మాత్రమే. రిఫ్రాక్టోమీటర్‌ని కూడా 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి, చిన్న సీసాల్లో దొరుకుతుంది.

ఇంకో మాట. చేపల మీద తెల్ల చుక్కలొస్తే వాడే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. మావయ్యకి వైట్ స్పాట్ అంటే రొయ్యల వైరస్, అక్వేరియం వాళ్ళకి చేపల మీద పరాన్నజీవి. రెండూ వేరు, కలపొద్దు. రొయ్య రక్తం ఆక్సిజన్ మోసేదే రాగితో, కానీ నీళ్ళలో రాగి కొంచెం ఎక్కువైతే అదే చంపేస్తుంది. చేప బతుకుతుంది, రొయ్య పోతుంది, రాయి ఆ రాగిని పీల్చుకుని తర్వాత వదులుతూ ఉంటుంది. మందు వెయ్యాలంటే చేపని వేరే తొట్టిలోకి మార్చే వెయ్యండి. ట్యాంకుకి కుళాయి నీళ్ళు వద్దనేది కూడా సగం ఇందుకే. క్లోరిన్ ఒక్కటే కాదు, పైపుల్లోంచి రాగి కూడా రావచ్చు.

నెల తర్వాత ఒకే ఒక్క రొయ్యని తెచ్చాను. ఈసారి బకెట్లో పెట్టి, సన్న గాలి గొట్టానికి ముడేసి, సెకనుకు రెండు మూడు చుక్కలు పడేలా గంటన్నర కూర్చున్నాను. బకెట్లో సెలినిటీ ట్యాంకుతో సమానమయ్యాకే వదిలాను. పన్నెండో రోజు పొద్దున మళ్ళీ అదే రాయి పక్కన, మళ్ళీ అదే తెల్లటి ఆకారం. భయపడుతూనే పట్టకారుతో తీసి వేళ్ళతో నొక్కాను. ఖాళీ పెంకు. రొయ్యగారు రాయి కింద దాక్కుని మీసాలు ఊపుతున్నారు.