బడిపిల్లల ప్రతిజ్ఞ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఉదయమును పాఠశాల గంట మ్రోగిన పిమ్మట బాలబాలికలు వరుసలు తీరి, కుడిచేయి ముందునకు చాచి, ఏకకంఠముతో ప్రతిజ్ఞ చదువుదురు. మాడుగుల వీధులలో పోవువారికి ఆ శబ్దము కోడికూతవలె అలవాటైపోయినది. నిలిచి వినువారు లేరు. ఆ వాక్యములు ఎవరు వ్రాసినవని అడిగినచో, పెద్దలలో సయితము పెక్కుమంది ఢిల్లీలో ఏ సంఘమువారో కూర్చి పంపియుందురని చెప్పుదురు. వానిని వ్రాసినది విశాఖపట్టణమున ఉద్యోగము చేసిన ఒక జిల్లా ఖజానా అధికారి. వ్రాసినది తెలుగులో.

ఆయన పేరు పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1916లో నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో జన్మించిరి. పెక్కు భాషలు నేర్చిరి; 'కాలభైరవుడు' అను నవల రచించిరి. 1962లో విశాఖ ఖజానా కార్యాలయమున ఉండగా ఈ ప్రతిజ్ఞను వ్రాసి తెన్నేటి విశ్వనాథముగారికి చూపిరి. విశ్వనాథముగారు ఈ సీమకు పరాయివారు కారు, లక్కవరమున పుట్టినవారు. వారు దానిని నాటి రాష్ట్ర విద్యాశాఖామంత్రి, విజయనగర సంస్థానాధీశులు పి.వి.జి. రాజుగారికి అందజేసిరి. 1963లో విశాఖలో పిల్లలచేత చదివించిరి. 1964లో బెంగుళూరున ఎం.సి. చాగ్లాగారి అధ్యక్షతన కూడిన కేంద్ర విద్యా సలహామండలి దీనిని దేశమందలి పాఠశాలలన్నిట చదివింపవలెనని నిర్ణయించెను. 1965 జనవరి 26వ తేదీనుండి అది అమలునకు వచ్చినది.

ఆ కాలమెట్టిదో తలచుకొనవలెను. భాషనుబట్టి రాష్ట్రములు ఏర్పడి ఆరేండ్లే అయినది. భావసమైక్యతను గూర్చి విచారించుటకై 1961లో సంపూర్ణానందుగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమింపవలసి వచ్చినది. 1962 అక్టోబరులో చైనాతో యుద్ధము వచ్చిపడినది. దేశమనునది పటమునందు గీసిన గీతయా, మనసున నాటుకొన్న బంధమా అను ప్రశ్న పండితులకే కాక బడిపంతులుకు సయితము ఎదురైన దినములవి.

ఇందొక వింత కలదు. ఖజానాలో కాసు కదలవలెనన్నను అధికారి చేవ్రాలు ఉండితీరవలెను. జీవితమంతయు అట్టి చేవ్రాళ్ళు చేసిన మనుష్యుడు, కోట్లమంది నోట నానిన తన వ్రాతపై మాత్రము చేవ్రాలు లేకయే పోయినాడు. మనుమరాలు పాఠ్యపుస్తకము తెరచి చదువుచుండగా విని, అది తన రచనయేనని ఆయన గుర్తించినట్లు కుటుంబీకులు చెప్పుదురు. 1988లో ఆయన కన్నుమూసిరి. తెలుగు పాఠ్యపుస్తకములలో ప్రతిజ్ఞ క్రింద ఆ పేరు చేరుట చాల ఆలస్యముగా జరిగినది.

ఇక ప్రతిజ్ఞ మాటకు వత్తము. భారతమున భీష్ముడు ప్రతిజ్ఞ చేసినది ఒక్కమారు. ఆ ఒక్క మాటకు జన్మమంతయు చెల్లించెను. బలిచక్రవర్తి మూడడుగుల నేలకై ఒక్కమారు మాట ఇచ్చి, గురువు వారించినను వెనుదీయలేదు. ఈనాటి బాలుడు ఏటికి రెండువందలకు పైగా పాఠశాల దినములలో, పదేండ్లు చదివినచో రెండువేల మార్లు, ప్రతిజ్ఞ చేయుచున్నాడు. ఒక్కమారు పలికిన మాటకు బరువెక్కువ. రెండువేల మార్లు పలికినదానికి ఆ బరువుండునా? అర్థము చెప్పువాడున్నచో ఉండును. లేనిచో అది ఎక్కాలవలె నోటి అలవాటగును. ఎక్కాలైనను లెక్కలో పనికివచ్చును!

సహోదరులను మాటనే తీసికొనుడు. ఒకే కడుపున పుట్టినవారని దాని అర్థము. భారతీయులందరు తనకు అట్టివారని పిల్లవాడు చెప్పుచున్నాడు. ప్రక్కన నిలిచినవాడు కొండమీదినుండి దిగివచ్చి చదువుకొనుచున్న గిరిజన బాలుడు కావచ్చును. ఊరిచివరి వాడపిల్ల కావచ్చును. ఉదయము తొమ్మిది గంటలకు సహోదరుడైనవాడు సాయంకాలము అయిదు గంటలకు ఏమగుచున్నాడు? వాని ఇంటికి పోవలదనియు, వాని చేతి నీరు త్రాగవలదనియు చెప్పు పెద్దలు ఇంకను లేరని గుండెమీద చేయివేసికొని చెప్పగలవారెవరు? అస్పృశ్యతను రద్దుచేసిన రాజ్యాంగము అమలునకు వచ్చినది 1950లో. ఆ రాజ్యాంగపు పీఠికలో సౌభ్రాతృత్వమను మాటను డాక్టరు అంబేద్కరు అధ్యక్షత వహించిన ముసాయిదా సంఘము చేర్చినది. పిల్లవాడు బడిలో చెప్పిన మాటను ఇంటిలో కొట్టివేసినచో, వాడు నేర్చుకొనునది దేశభక్తి కాదు, రెండు నాలుకలు.

వేరొక మాట ఇంకను లోతైనది. దేశపు వారసత్వ సంపదను చూచి గర్వపడుటతో ప్రతిజ్ఞ ఆగలేదు. దానికి తగినవాడగుటకు ఎల్లప్పుడు పాటుపడుదునని పలికించినది. భూమి దస్త్రములెరిగినవారికి పిత్రార్జితమునకు స్వార్జితమునకు గల భేదము తెలియును. పిత్రార్జితము పుట్టుకతో వచ్చును. యోగ్యత నెవరును అడుగరు. సుబ్బారావుగారు ఆ పిత్రార్జితమునే స్వార్జితమువలె సంపాదించుకొమ్మని పసివానికి చెప్పినారు. నన్నయ తిక్కనలు మనవారని చంకలు గుద్దుకొనువారు పెక్కుమంది. ఈ గ్రంథాలయమున భారతము పర్వములపై పేరుకొన్న దుమ్ము తుడిచినవారు కొందరే.

బహువిధమైన వారసత్వమనగా ఏమని పిల్లలడిగినచో దూరము పోనక్కరలేదు. మాడుగుల హల్వా చాలును. గోధుమలు నానబెట్టి, పాలు తీసి, నేయి పంచదారలతో గంటలకొలది కలియబెట్టుదురు. గోధుమ ఈ సీమ పంట కాదు; ఉత్తరదేశపు రైతు చెమట అందున్నది. ఊరిపేరు మాత్రము మనది. ఎక్కడివాడో పండించినది ఇక్కడివాని చేతిలో పాకమై, ఇక్కడి కీర్తియైనది. ఈ పాఠము నోరూరించుచునే బుద్ధికెక్కును.

1976లో నలువదిరెండవ సవరణచే రాజ్యాంగమున పది ప్రాథమిక విధులు చేరినవి; 2002లో పదునొకండవది చేరినది. పిల్లలకు చదువు చెప్పించుట తల్లిదండ్రుల విధియని ఆ పదునొకండవది చెప్పును. తక్కినవానిని పరీక్షకొరకు కంఠస్థము చేయించుట కంటె, సార్వజనికమైన ఆస్తిని కాపాడుటను గూర్చిన విధి నొక్కదానిని ఊరి కొళాయి వద్ద చూపించుట మేలు.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించిన శిష్యునికి గురువు తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవముగా చూడుమని బోధించును. ప్రతిజ్ఞలో వినబడునది ఆ పాతగొంతుకయే. అయితే అక్కడనే గురువు మరియొకటి చెప్పినాడు: మాలో మంచి నడతలున్నచో వానినే అనుసరింపుము, ఇతరములను వలదు. ఎంత ధైర్యము! తానును తప్పు చేయుదునని ఒప్పుకొన్న గురువు మాట శిష్యునికి చెవికెక్కును. తల్లిదండ్రులను గౌరవింపుమని పిల్లలకు చెప్పుటకు ముందు పెద్దలు చదువుకొనవలసిన వాక్యమిది.

ఈ గ్రంథాలయము పిల్లలకు చేయదగిన పని యొకటి కలదు. వారమునకొక సాయంకాలము పుస్తకములిచ్చి పుచ్చుకొను చిట్టా పిల్లల చేతికే ఇయ్యవలెను. ఏ వాడ పిల్లయైనను, కొండ పిల్లయైనను వంతు వచ్చినపుడు ఆ బల్లవద్ద కూర్చుండవలెను. పెద్దలు సయితము ఆ పిల్లవద్దనే చేవ్రాలు చేసి పుస్తకము గైకొనవలెను. గడువు దాటినచో ఆ పిల్ల విధించిన అపరాధ రుసుమును, గ్రామపెద్ద యైనను, చెల్లింపవలెను. ప్రతిజ్ఞలోని కఠినపదములకు అర్థమడుగువారికై నిఘంటువును ఆ బల్లమీదనే ఉంచవలెను. ఇంతకాలము అది తాళము వేసిన బీరువాలో నున్నది.