హక్కుదారులమా? లబ్ధిదారులమా?

(పొన్నూరు సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



మాలపల్లె, మాదిగపల్లె ఒకే టెంటు కింద కూర్చున్నందుకు సంతోషం. ఇవాళ ఒక్క సంగతే చెప్తాను. జెండాలు మారినప్పుడల్లా పాలకులు మనల్ని పిలిచే పేరు కూడా మారింది. ఆ పేర్ల వెనక ఏముందో చూద్దాం.

సర్కారు తప్పుకోవాలి, అంతా బజారే చూసుకుంటది అనే విధానాన్ని చిలీ దేశంలో 1973 తర్వాత సైనికులు తుపాకీతో తెచ్చారు. బ్రిటన్‌లో 1979లో గెలిచిన థాచర్ ఓటుతో తెచ్చింది. ఢిల్లీకి 1991లో వచ్చింది. మన ఊళ్లోకి మాత్రం దండోరా వేయించుకొని వచ్చింది.

1997 జనవరిలో చంద్రబాబు ప్రభుత్వం జన్మభూమి పెట్టింది. ఊరి పనులకు మీ వాటా డబ్బో, శ్రమదానమో ఇవ్వండి అంది. అప్పుడు మన పేరు 'భాగస్వాములు'. తరతరాలు వెట్టి చేసినోళ్లని శ్రమ దానమియ్యమనటం ఏం న్యాయం? 1998లో ప్రపంచ బ్యాంకు అప్పు, దాని వెంటే కరెంటు సంస్కరణలు వచ్చినై. పెంచిన చార్జీలు తగ్గించమన్నందుకు 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపారు. నోరు తెరిచిన భాగస్వామికి దక్కింది అదీ.

2004లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ పెట్టింది. ఆ కార్డుతో ప్రాణం దక్కినోళ్లున్నారు, కాదనం. కానీ సర్కారు సొమ్ము కార్పొరేట్ ఆసుపత్రి గడప కూడా తొక్కింది. అప్పుడు మనం 'కార్డుదారులం'.

2019లో జగన్ ప్రభుత్వం బటన్ నొక్కి ఖాతాల్లో డబ్బులేసింది. ఆకలికి ఆదుకుంది, నిజమే. మనం 'లబ్ధిదారులం' అయినాం. చదువుకున్న పిల్లల్ని నెలకు 5 వేలకి వాలంటీర్లుగా పెట్టి, ఇది ఉద్యోగం కాదు, సేవ అన్నారు. 2024లో ప్రభుత్వం మారింది, ఆ సేవా పోయింది. హక్కు కానిది అట్లాగే పోతది.

2025 ఉగాదికి చంద్రబాబు ప్రభుత్వం పీ-4 తెచ్చింది. పైనున్న 10 శాతం మంది అడుగునున్న 20 శాతం మందిని ఆదుకోవాలంట. ఉన్నోడు 'మార్గదర్శి', మనం 'బంగారు కుటుంబం'. నేనొకటే అడుగుతున్నా. కూలి ఎగ్గొట్టిన ఆసామే రేపు మనకి మార్గదర్శి అయితే, కూలి అడిగే నోరు మనకి మిగులుద్దా?

బాబాసాహెబ్ 1947లోనే చెప్పాడు. భూమి, కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలి, ఆ సంగతి రాజ్యాంగంలోనే రాయాలి అన్నాడు. ఎందుకు? ఏ పార్టీ గెలిచినా దాన్ని చెరపకుండా.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. సర్కారు బడి, రిజర్వేషన్ పోస్టు లేకపోతే ఈ మైకు ముందు నేను లేను. ప్రైవేటు కంపెనీలో ఆ రిజర్వేషన్ లేదు. సర్కారు తప్పుకున్న ప్రతిచోటా మన పిల్లల దారి మూసుకుపోతున్నది.

ఇచ్చేది తీసుకోండి, అది మన పన్నుల సొమ్మే. తల మాత్రం దించకండి. గ్రామసభలో లేచి అడగండి: 2013 సబ్‌ప్లాన్ చట్టం కింద మన వాటా ఎంత? మన పల్లెకు చేరిందెంత? ఆ ప్రశ్న అడిగిన రోజు మనం హక్కుదారులం.

జై భీమ్!