కరెంటు బిల్లు పారేయకండి

 

గరివిడి అంటే ఫేకర్ గుర్తొస్తుంది. ఫెర్రో సరుకుకు కరెంటు ఎంత కావాలో మన ఊరివారికి చెప్పక్కర్లేదు. ఫెర్రో మాంగనీసు, ఫెర్రో క్రోమ్ యూరపుకు వెళ్తే, తయారీలో ఎంత కార్బన్ గాలిలో కలిసిందో 2023 అక్టోబరు నుంచి అక్కడ లెక్క చూపాలి. మన దేశంలోనూ షేర్ మార్కెట్లోని మొదటి 1000 కంపెనీలకు ఇలాంటి నివేదికను సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది.

మనకెందుకంటారా? పెద్ద కంపెనీ తన లెక్క కోసం బోల్టులు చేసిచ్చే లేత్ షాపునూ అడుగుతుంది. చెప్పలేనివాడి ఆర్డరు చెప్పగలిగినవాడికి పోతుంది.

నిరుడు ఒక తమ్ముడు వెల్డింగ్ షాపు మీద సోలార్ పలకలకని మా దగ్గర వడ్డీలేని అప్పు అడిగారు. నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయంటే చెప్పలేకపోయారు. బిల్లులు పారేశారు. ఎన్ని పలకలు కావాలో తేలక మేము ఇవ్వలేదు. సగం తప్పు మాదే, ఏం తేవాలో ముందుగా చెప్పలేదు.

లెక్క కష్టమేం కాదు. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. 300 యూనిట్లయితే 210 కిలోలు. జనరేటర్ ఉంటే డీజిల్ లీటర్లు కూడా రాయండి. ఉద్యం నమోదున్న సూక్ష్మ పరిశ్రమకు కేంద్రం వారి జెడ్ ధ్రువపత్రం ఖర్చులో 80 శాతం రాయితీ ఉంది. ఆ కాగితాలు మేము నింపిపెడతాం.

ఆ తమ్ముడు మొన్న మళ్లీ వచ్చారు, పన్నెండు నెలల బిల్లులు దారంతో కుట్టి. ఈసారి ముందుగా ఆయన దరఖాస్తే చూస్తున్నాం.