భీమవరం బిడ్డ ఇచ్చిన మందులు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే ఒక పరీక్ష రూపొందించారు. మాంసకృత్తులు తీసేసిన రక్తపు నమూనాకు మాలిబ్డేట్, మరో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువన్నమాట! ఎంత తేలిక, ఎంత పదును! కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో వెల్లడించిన తొలి పరిశోధకుల్లోనూ వీరిద్దరూ ఉన్నారు.

స్ప్రూ అనే జబ్బు ఆయన సొంత అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం, ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అక్కడి అమినోప్టెరిన్ అనే మందుతోనే వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు కొన్నాళ్లపాటైనా ఊరట కలిగించారు. 1948లో, 53 ఏళ్లకే సుబ్బారావు గారు కన్నుమూశారు. నోబెల్ దక్కలేదు. ఆ లోటు నోబెల్‌దే అని నా నమ్మకం.

బోదకాలుకు వాడే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం ఇచ్చిందే. ఆరోగ్య కార్యకర్తలు ఆ మాత్ర తెస్తే, దయచేసి దాచిపెట్టకండి. అన్నం తిన్నాక, వాళ్ల ఎదుటే వేసుకోండి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు మాత్రం వద్దు.