మైకా రేకు కింద లెడ్డు పూస
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. పదో తరగతి అయ్యాక ఇంటి పరిస్థితి బాగులేక 1987లో ఇక్కడే, మన బరంపురంలో, ఒక ఆంప్లిఫయర్ రిపేరు దుకాణంలో చేరాను. ఆ పనే నాకు అన్నం పెట్టింది. ఈసారి ఐటీఐ, డిప్లొమా చదివే పిల్లలు కూడా ఉన్నారు, పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

చేరిన రెండో ఏడు ఒక మైకుసెట్టు యజమాని తన ఆంప్లిఫయర్ తెచ్చాడు. ఆయనకున్నది అదొక్కటే సెట్టు, రెండు సౌండు బాక్సులు. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చి ఇల్లు గడుపుకొనేవాడు. లోపల 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్ కాలిపోయింది. గురువుగారు ఆ పని మొదటిసారి నాకు ఒంటరిగా అప్పగించారు. పాతది తీసి కొత్తది బిగించాను. మీటరుతో చూశాను, షార్టు లేదు. పాట పెడితే చక్కగా మోగింది. నేను పొంగిపోయాను.

ఆ రాత్రి పెళ్ళిలో గంట మోగి ఆగిపోయింది. ట్రాన్సిస్టర్ షార్టయి, సప్లయి వోల్టేజి నేరుగా స్పీకరు మీద పడి కాయిలు కాలిపోయింది. పెళ్ళివారు అద్దె ఇవ్వలేదు. మర్నాడు ఆయన దుకాణానికి వస్తే నేను ముందే అనేశాను, "డూప్లికేటు ట్రాన్సిస్టర్ తగిలిందండీ" అని.

గురువుగారు నన్నేమీ అనలేదు. "విప్పి చూడరా" అన్నారు. విప్పాను. మైకా రేకు కింద ఆవగింజంత సోల్డరింగ్ లెడ్డు పూస ఉంది. ట్రాన్సిస్టర్ ఒక పక్కకు ఎత్తుగా కూర్చుంది. తెల్ల పేస్టు కూడా నేను రాయలేదు. పాత పేస్టు ఎండి అక్కడే ఉంది కదా అనుకున్నాను.

ఆ పూస చేసిన పని ఏమిటో తర్వాత పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. 2ఎన్3055 సామర్థ్యం 115 వాట్లు అని రాసి ఉంటుంది. అయితే దాని లోహపు కేసును 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచగలిగినప్పుడే ఆ లెక్క. కేసు వేడెక్కిన కొద్దీ సామర్థ్యం తగ్గిపోతుంది. లోపలి సిలికాన్ 200 డిగ్రీలు దాటకూడదు. పుట్టిన వేడి కేసులోకి, అక్కడి నుంచి మైకా రేకు గుండా అల్యూమినియం హీట్ సింకులోకి, ఆపైన గాలిలోకి పోవాలి. కేసులో కలెక్టర్ కరెంటు ఉంటుంది కనుక మైకా తప్పనిసరి. అది కరెంటును ఆపాలి, వేడిని పోనివ్వాలి.

కంటికి నున్నగా కనిపించే లోహం మీద కూడా సన్నని గుంటలు ఉంటాయి. వాటిలో గాలి నిలుస్తుంది. గాలి వేడిని సరిగా పోనివ్వదు. ఆ గాలిని తోసేయడానికే పేస్టు. పేస్టు రాసిన మైకా దగ్గర వాటుకు సుమారు అర డిగ్రీ తేడా వస్తుంది. పొడిగా బిగిస్తే అది సుమారు రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 20 వాట్ల వేడి పుడితే పేస్టుతో 10 డిగ్రీలు, లేకపోతే 20 డిగ్రీలు లేదా అంతకు మించి. కింద పూస ఉండి రేకే ఆనకపోతే ఇక చెప్పేదేముంది!

మీటరు నన్ను మోసం చేయలేదు. అది కరెంటు సంగతి చెప్పింది. వేడి దారి సంగతి నేను దాన్ని అడగలేదు.

ఇప్పుడు మా దుకాణంలో కొత్త పిల్లలకు నేర్పే వరస ఇది. ముందు ప్లగ్గు తీయాలి. ఫిల్టరు కెపాసిటర్లలో మిగిలిన కరెంటును రెసిస్టరు ద్వారా దింపి, మీటరుతో సరిచూడాలి. పాత పేస్టు పూర్తిగా తుడవాలి. స్క్రూ రంధ్రాల అంచుల్లో పొరకలుంటే తీసేసి, వేలికొసతో తడిమి చూడాలి. పాత మైకా పగిలినా చిల్లు పడినా కొత్తది వేయాలి. రెండు వైపులా పేస్టు పలుచగా పూయాలి. మందంగా పూస్తే అదే అడ్డం, ఎందుకంటే పేస్టు అల్యూమినియం అంత బాగా వేడిని పోనివ్వదు. స్క్రూలకు బుష్‌లు వేసి, ఇటొక చుట్టు అటొక చుట్టు సమంగా బిగించాలి. అతిగా బిగిస్తే కేసు వంగుతుంది. వైర్లు కలపక ముందే కేసుకూ హీట్ సింకుకూ మధ్య మీటరు పెట్టాలి. తర్వాత సీరీస్ బల్బుతో ఆన్ చేయాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారాలి. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టుంది. స్పీకరు తగిలించే ముందు అక్కడ డీసీ వోల్టేజి దాదాపు సున్నా ఉందో లేదో చూడాలి. చివరగా గంటసేపు మోగించి చూడాలి. ఇదంతా నేర్పేవారు పక్కన ఉన్నప్పుడే చేయాలి. ఇంట్లో ఒంటరిగా చేయకండి.

ఆ రోజు సంగతికి వస్తాను. గురువుగారు ఆ పూసను నా అరచేతిలో పెట్టి, "ఆయనకు నువ్వే చెప్పు" అన్నారు. బల్ల అవతల ఆ యజమాని నిలబడి ఉన్నాడు. నా గొంతు పెగల్లేదు. కాసేపటికి, "ట్రాన్సిస్టర్ మంచిదేనండీ. నేనే సరిగా బిగించలేదు" అన్నాను. స్పీకరు కాయిలు ఖర్చు నా జీతంలోంచి నెలనెలా పట్టుకోమని గురువుగారికి చెప్పాను. యజమాని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "సరే బాబూ, మళ్ళీ నువ్వే బిగించు. నేను చూస్తూ ఉంటాను."

ఆయన చూస్తుండగా గంటన్నర పట్టింది. ఆ సెట్టు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మా దుకాణానికే వచ్చింది. నా దగ్గరికే వచ్చింది.

పిల్లలూ, మార్కుల కాగితం కూడా ఆ మీటరు లాంటిదే. అది చెప్పేది నిజమే, కానీ అన్నీ చెప్పదు. అర్థం కాకుండా దాటేసిన పాఠం రేకు కింద పూస లాగ అలాగే ఉండిపోతుంది. పనివేడి తగిలినప్పుడు బయటపడుతుంది. మీకే తెలిసిన ఆ పూసను మీరే విప్పి తీసేయండి. మాష్టారిని అడగడానికి సిగ్గుపడకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు తప్పు ఒప్పుకుని వచ్చిన రోజున ముందుగా తిట్టకండి. నాకు ఆ రోజు తిట్లు పడి ఉంటే, డూప్లికేటు మాటనే జీవితమంతా చెప్పుకుంటూ ఉండేవాణ్ణేమో.