సాగరగర్భమున మానవుడు

సముద్రములో 200 మీటర్లు దాటగానే సూర్యకాంతి సన్నగిల్లును. 1000 మీటర్లకు దిగువ కటిక చీకటి. దిగిన ప్రతి 10 మీటర్లకును ఒక వాయుమండలపు భారము అదనముగా పైబడును. ఇట్టి తావునకు మనుష్యుని పంపవలెనా, యంత్రము చాలదా అని పలువురు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న వినినపుడెల్ల నాకు 1977 ఫిబ్రవరిలో జరిగిన వృత్తాంతము స్ఫురించును.

పసిఫిక్ మహాసముద్రమున, గాలపాగోస్ దీవుల చెంత, సముద్రపుటడుగు చీలి క్రొత్త రాతిపొర పుట్టుచున్నది. అచ్చట వేడినీటి ఊటలుండవలెనని భూగర్భశాస్త్రజ్ఞులు ఊహించిరి. ముందుగా ఓడనుండి కెమెరాల చట్రమును దింపి ఈడ్చిరి. అది వేలకొలది ఛాయాచిత్రములను తీసెను. ఒకచోట నీటి వేడిమి క్షణకాలము హెచ్చెను. అప్పటి కొద్ది చిత్రములలో మాత్రమే తెల్లని ఆలుచిప్పలు కుప్పలుగా కానవచ్చెను. త్రోవ చూపినది యంత్రమేనని ఒప్పుకొనవలెను.

పిదప ‘ఆల్విన్’ దిగినది. అమెరికాలోని వుడ్స్‌హోల్ సాగరశాస్త్ర సంస్థ 1964 నుండి నడుపుచున్న చిన్న జలాంతర్గామి అది. ముగ్గురు ముడుచుకొని కూర్చుండదగిన లోహగోళము, చిన్న కిటికీలు, వెలుపల యంత్రహస్తము, అంతే. జాక్ కార్లిస్, ట్యేర్డ్ వాన్ ఆండెల్ అను శాస్త్రజ్ఞులు చోదకునితో కూడ రమారమి 2500 మీటర్ల లోతు చేరిరి. ఎడారియని తలచినచోట గోరువెచ్చని నీరు మిలమిలలాడుచు పైకెగయుచుండెను. చుట్టును ఆలుచిప్పలు, తెల్లని పీతలు! ఆ యాత్రలోనే ఎఱ్ఱని కొనలుగల గొట్టపు పురుగులును కనబడెను. రాళ్ళకై వెళ్ళినవారగుటచే ఓడపై జీవశాస్త్రజ్ఞుడొక్కడును లేడు. ప్రాణులను నిలువచేయు మందు చాలక కొన్నిటిని రష్యా దేశపు వోడ్కాలో భద్రపరచిరట!

పైకి తెచ్చిన నీరు కుళ్ళిన గ్రుడ్ల కంపు కొట్టెను. రహస్యమంతయు ఆ కంపులోనే కలదు. అది హైడ్రోజన్ సల్ఫైడు వాయువు. దానినుండి శక్తిని గ్రహించి సూక్ష్మజీవులు ఆహారమును తయారుచేయుచున్నవి. గొట్టపు పురుగులకు నోరు లేదు, ప్రేగులు లేవు. ఆ సూక్ష్మజీవులు వాని శరీరములోనే కాపురముండి పోషించును. ఎండతో పనిలేకయే ఒక జీవలోకము వర్ధిల్లుచున్నదని అట్లు తెలిసినది.

ఇందు ప్రాణభయము లేకపోలేదు. 1968లో ఆల్విన్‌ను నీటిలోనికి దింపుచుండగా ఇనుపత్రాళ్ళు తెగెను. లోనివారు ముగ్గురును బయటపడిరి. వాహనము 1500 మీటర్లకు పైగా లోతున మునిగెను. మరుసటి యేడు పైకి తీయగా లోపలి మధ్యాహ్న భోజనము చెడక యుండెను. లోతులలో వస్తువులు కుళ్ళుట ఎంత మందమో ఆ రొట్టెముక్కలు తెలిపినవి. ఐదువేలకు పైగా మునకలలో ఆల్విన్ ఒక ప్రాణమునైనను బలిగొనలేదు. కాని 2023 జూన్‌లో, టైటానిక్ శిథిలములను చూపుటకై పోయిన టైటన్ అను వాహనము నలిగి ఐదుగురు మరణించిరి. దాని గోళీకరింపబడని కార్బన్ నార కవచమును ఏ తనిఖీ సంఘమును ధ్రువీకరించియుండలేదు.

మన దేశమున చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించుచున్న ‘మత్స్య 6000’ యందును ముగ్గురికే చోటు. టైటేనియమ్ గోళములో వారు 6000 మీటర్ల లోతునకు దిగవలెను. ఆ గోళమునకు జరుగు ప్రతి పరీక్షను, ఎంత కాలము పట్టినను, తొందరింపక సాగనీయవలెనని నా మనవి.