సముద్రజలము – మత్స్యముల ఘ్రాణశక్తి



ఉప్పలులో కాపురమున్న బడిపంతులు సముద్రమునుగూర్చి ప్రసంగించుట యేమని తాము నవ్వవచ్చును. మా యూరికి చేరువను పాఱు మూసీ వాడపల్లికడ కృష్ణలో కలియును. కృష్ణ హంసలదీవికడ సముద్రమును చేరును. నాచారపు కార్ఖానాల పొగకు ఆ నదులును అక్కఱలేదు, దానికి గాలియే త్రోవ.

చిన్ననాట తర్కము చదువునపుడు, గంధము పృథివీగుణ మనియు, నీటియందు తోచు వాసన దానిలో కలిసిన పార్థివాంశములదే యనియు నేర్చితిని. మన తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహముయొక్క మతము నిదియే. చేపలయెడ నీ మాట చక్కగా నొప్పుచున్నది. నీట కరగిన సూక్ష్మాంశములను ముక్కుతో పసికట్టియే అవి మేతను, శత్రువును తెలిసికొనును.

మనము బొగ్గు, పెట్రోలు కాల్చుటవలన పుట్టు బొగ్గుపులుసు గాలిలో సుమారు నాలుగవపాలు సముద్రము త్రాగుచున్నది. గోలీసోడా నాలుకపై చుఱుక్కుమనుట యీ గాలివలననే. సముద్రజలము నేటికిని క్షారమే గాని, ఆ క్షారము తగ్గుచున్నది. పీహెచ్ అను కొలతలో పూర్వము 8.2 ఉండినది ఇప్పుడు సుమారు 8.1. అల్పమని తోచును, కాని యీ కొలతలో ఒక్కొక్క మెట్టు పదింత లగుటచే, ఆమ్లత్వము నూటికి సుమారు 30 వంతులు హెచ్చినట్లు. బంగాళాఖాతపు తీరజలము పుల్లనగుటకు, గాలినుండి పడు గంధక, నత్రజని మలినములును కారణమని విశాఖపట్టణమునందలి జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థవారు 2015లో ప్రకటించిరి.

ఇక నా తప్పు చెప్పుకొనవలయును. 2009లో ఆస్ట్రేలియాయందు మండే అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును, ఆమ్లము హెచ్చిన నీట పెంచిన క్లౌన్ చేపపిల్లలు వాసనలను వేఱుపఱుపలేకపోయిన వని వ్రాసిరి. మఱుసటి యేట, అవి శత్రువు వాసనవైపే యీదిన వనియు వెలువడెను. నాచారపు బడిలో నీ కథను పిల్లలకు సిద్ధాంతమువలె బోధించితిని. 2020లో క్లార్కు ప్రభృతులు పగడపుదిబ్బల చేపలపై అట్టి పరీక్షలే మరల జరిపి, ఆ ఫలితము తమకు కానరాలేదనిరి. అది చదివిన నా పూర్వశిష్యుడొకడు ఇంటికి వచ్చి, "సారూ, మీరు మాకు చెప్పినది అబద్ధమేనా?" అని యడిగెను.

నాకు సిగ్గు కలిగెను. అయినను, కొట్టుపడినది ఒక పరీక్షయే గాని, విషయమంతయు కాదు. 2018లో ఇంగ్లండునందలి ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారు సీబాస్ అను చేపలను, ఈ శతాబ్దాంతమునకు రాగల దనుకొన్న యామ్లస్థితియందుంచి, ముక్కు నరముల స్పందననే కొలిచిరి. ఘ్రాణము సగమువఱకును తగ్గెను. వాసన పట్టుటకు చేప నూటికి 42 వంతులవఱకు దగ్గఱకు రావలసివచ్చెను. తాళపుచెవి కొంచెము వంగిన తాళమున పట్టనట్లు, పులిసిన నీట వాసనకణము ముక్కులోని గ్రాహకమునం దిముడదని వారి యభిప్రాయము. డంజినెస్ అను పీతలు అట్టి నీట మీసము లాడించి వాసన చూచుటయే తగ్గించిన వని 2023లో కెనడావారు తెలిపిరి.

శిష్యునితో నింతయు చెప్పితిని. ఆ తరగతిలోని తక్కినవా రెక్కడెక్కడ నున్నారో యెఱుగను. ఈ సవరణ వారికిని వినబడునని యీ ప్రసంగమునకు సమ్మతించితిని.